ఆరు వోల్టుల లెక్క

పాత ఇంగ్లిషు మోటారు సైకిళ్లను ప్రాణంగా చూసుకునేవాళ్లే వాటి కరెంటు మీద ఎక్కువ జోకులు వేస్తారు. బర్మింగ్‌హామ్‌లో ఓడ లాంతర్లు, సైకిల్ దీపాలు అమ్మి పైకొచ్చిన జోసెఫ్ లూకాస్ కంపెనీ తన సైకిల్ దీపానికి పెట్టుకున్న పేరు ‘కింగ్ ఆఫ్ ది రోడ్’. అదే కంపెనీ పెరిగి పెద్దదై డైనమోలు, ఆల్టర్నేటర్లు, స్విచ్చులు చేసే స్థాయికొచ్చాక జనం పెట్టిన పేరు ‘ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్’. దారికి రాజు కాస్తా చీకటికి యువరాజయ్యాడు. ట్రయంఫ్, బీఎస్ఏ, నార్టన్, మన బుల్లెట్‌కు పుట్టిల్లయిన రాయల్ ఎన్‌ఫీల్డ్, ఎక్కడ చూసినా లూకాస్ సామానే కాబట్టి రాత్రివేళ నడిదారిలో లైటు పోయిన ప్రతివాడికీ తిట్టుకోవడానికి ఒకే పేరు దొరికింది. తిట్టు ఎంత పాతబడినా రుజువు కాదు కదా. ఆ బళ్లకు ఛార్జింగ్ ఎక్కకపోవడానికి కంపెనీ పనితనం లోపం కన్నా పెద్ద కారణం ఒకటుంది. బండి తయారుచేసే కరెంటు ఆదాయానికీ, దాని మీద మోపిన ఖర్చుకీ మధ్య ఏనాడూ మిగులు లేదు. పైగా ఆ ఆదాయాన్ని ఆరు వోల్టుల్లో పంచారు. లోపం ఎక్కడుందో వెతికే పద్ధతులన్నీ ఆ ఇరుకులోంచి పుట్టినవే. అందుకే ఏ బండి ఏ సంవత్సరానిదో తెలిసిన మెకానిక్‌కు సగం లోపం మూత విప్పకముందే తెలిసిపోతుంది.

కరెంటు ఈ వాహనంలోకి చుట్టంలా వచ్చింది. తొలినాళ్ల మోటారు సైకిళ్లలో చాలావాటికి లైటు వేరు, నిప్పురవ్వ వేరు. లైటుకు కార్బైడ్ దీపం ఉండేది. పై గిన్నెలోంచి నీళ్లు చుక్కచుక్కగా కింది కార్బైడ్ మీద పడితే ఎసిటిలీన్ వాయువు పుట్టి మండేది. నూజివీడు మామిడికాయలను దొంగచాటుగా మగ్గబెడతారే, ఆ కార్బైడే. ఇంజనులో పెట్రోలు అంటించే రవ్వకు మాగ్నెటో ఉండేది. జర్మనీలో బాష్ సంస్థ 1902లో హై టెన్షన్ మాగ్నెటోను పక్కా చేశాక మోటారు సైకిల్‌కు అదే గుండెకాయ అయింది. మాగ్నెటోకు బ్యాటరీ అక్కర్లేదు. లోపలి అయస్కాంతం, తీగచుట్ట ఒకదాని దగ్గర ఒకటి తిరిగితే చాలు, తన కరెంటు తానే పుట్టించుకుంటుంది. అంటే ఆ కాలంలో బండి కదలడానికీ దీపం వెలగడానికీ ఏ చుట్టరికమూ లేదు. దీపం ఆరిపోతే మనిషి చీకట్లో నెమ్మదిగా ఇల్లు చేరేవాడు, ఇంజను మాత్రం ఆగేది కాదు. సైకిల్ చక్రానికి డైనమో ఆనించుకుని తొక్కిన మన తాతల తరానికి ఇది వింతగా ఉండదు. అక్కడా దీపం దీపమే, తొక్కుడు తొక్కుడే.

1920ల్లో లూకాస్ ‘మాగ్‌డైనో’ పేరుతో మాగ్నెటో వీపు మీద ఒక చిన్న డైనమోను కట్టి అమ్మింది. అలా మోటారు సైకిళ్లలో బ్యాటరీ మామూలైంది, బ్యాటరీతోపాటు దాని ఛార్జింగ్ అనే చింతా వచ్చింది. డైనమో గుణం వేగాన్ని బట్టి మారుతుంది. నెమ్మదిగా తిరిగితే బ్యాటరీ పాటి వోల్టేజీ కూడా రాదు, జోరుగా తిరిగితే బ్యాటరీని ఉడికిస్తుంది. మొదట ఈ రెండో బాధకు మూడో కార్బన్ బ్రష్ పెట్టి మందు వేశారు. అది చాలక ఛార్జింగ్ ఎప్పుడు సగం ఉండాలో, ఎప్పుడు పూర్తిగా ఉండాలో తిప్పుకోవడానికి స్విచ్చును బండి నడిపేవాడి చేతికే ఇచ్చారు. ఎండాకాలం పగటి ప్రయాణంలో అతను మరిచిపోతే బ్యాటరీలో నీళ్లు ఇంకిపోయేవి, చలికాలం రాత్రి మరిచిపోతే బ్యాటరీ డౌన్ అయ్యేది. 1930ల రెండో సగంలో వోల్టేజీని తానే చూసుకునే రెగ్యులేటర్ వచ్చి ఆ పనిని మనిషి చేతిలోంచి తీసుకుంది. ఇంజను ఆగినప్పుడు బ్యాటరీలోని కరెంటు వెనక్కి డైనమోలోకి పారకుండా ఆపడానికి అంతకు ముందునుంచే కటౌట్ ఉంది. డైనమో ఆరున్నర వోల్టులకు కాస్త అటూ ఇటూగా చేరితే కటౌట్ తలుపు తెరుస్తుంది, వేగం పడిపోతే మూస్తుంది. ఇక్కడొక వరస కనిపిస్తుంది. ముందు వచ్చిన పరికరం తెచ్చిన ఇబ్బందికి మరో పరికరాన్ని మందుగా వేస్తారు, ఆ మందే తర్వాతి జబ్బుకు ఇల్లవుతుంది. కటౌట్ కొనలు కాలి అతుక్కుపోతే బ్యాటరీ డైనమోను మోటారులా తిప్పబోతుంది. ఆగి ఉన్న ఇంజను దాన్ని తిరగనివ్వదు కాబట్టి తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ అవుతుంది, కర్మం చాలకపోతే డైనమో లోపలి తీగచుట్ట, అంటే ఆర్మేచర్ కూడా మాడుతుంది.

అలాంటి బండిలో లోపం వెతికే తీరును గమనిస్తే ఆ పరికరం కథ మొత్తం అందులో కనిపిస్తుంది. డైనమో మీద ‘డి’, ‘ఎఫ్’ అని రెండు కొసలుంటాయి. రెగ్యులేటర్ పెట్టెకు పోయే తీగలు పీకేసి, ఆ రెంటినీ ఒక ముక్క తీగతో కలిపి, ఇంజనును నెమ్మదిగా తిప్పుతూ మీటరు పెట్టి చూస్తారు. ముల్లు హుషారుగా లేస్తే డైనమో బాగుంది, తప్పు రెగ్యులేటర్ పెట్టెలోనో తీగల్లోనో ఉంది. లేవకపోతే బ్రష్‌లు అరిగాయా, కమ్యుటేటర్ రాగి పలకల మధ్య అభ్రకం పైకి తేలిందా, నూనె కారి లోపల మురికి పట్టిందా అని డైనమోను విప్పాల్సిందే. ఏళ్లతరబడి మూలపడిన బండిలో అన్నీ బాగుండి కూడా కరెంటు పుట్టకపోవచ్చు. డైనమోలో శాశ్వత అయస్కాంతం లేదు, ఇనుములో మిగిలిన కాస్త అయస్కాంత గుణమే దానికి పెట్టుబడి. ఆ పెట్టుబడి ఆవిరైతే బ్యాటరీ తీగను ‘ఎఫ్’ కొసకు ఒక్క క్షణం తాకించి మళ్లీ పోస్తారు. తోడు పెట్టకపోతే పాలు పెరుగు కానట్టే ఇదీ. ఈ పరీక్షలకు కావలసింది ఒక బల్బు, రెండు తీగ ముక్కలు, ఓ చవక మీటరు. ప్రతి భాగం విడిగా ఉంది కాబట్టి ప్రతి భాగాన్నీ విడిగా అడిగి జవాబు రాబట్టవచ్చు.

అసలు మలుపు 1953లో వచ్చింది. ఆ ఏడు ట్రయంఫ్ తన స్పీడ్ ట్విన్ బండికి మాగ్నెటో, డైనమో రెండూ తీసేసి, ఇంజను ఇరుసు చివర శాశ్వత అయస్కాంతంతో తిరిగే లూకాస్ ఆల్టర్నేటర్‌ను పెట్టింది. రవ్వ పుట్టించే పని బ్యాటరీతో నడిచే కాయిల్‌కు అప్పగించింది. బ్రష్‌లు లేవు, కమ్యుటేటర్ లేదు, అరిగేదేమీ లేదు, ఖర్చూ తక్కువ. ఇంజనీరు కళ్లతో చూస్తే ఇది ముందడుగే, తర్వాతి పదేళ్లలో దాదాపు అందరూ ఆ బాటే పట్టారు. కానీ ఒక పాత ఒప్పందం చెరిగిపోయింది. ఇంతకాలం లైటు పోతే లైటే పోయేది, ఇప్పుడు బ్యాటరీ పోతే రవ్వ పోతుంది, రవ్వ పోతే బండే ఆగుతుంది. ఆ సంగతి తయారీదారులకు తెలియక కాదు. తెలుసు కాబట్టే తాళం స్విచ్చులో ‘ఎమర్జెన్సీ’ అని మూడో గడి పెట్టారు. బ్యాటరీ చచ్చినప్పుడు అందులోకి తిప్పి తన్నితే ఆల్టర్నేటర్ కరెంటు నేరుగా కాయిల్‌కు వెళ్లి బండి లేస్తుంది. కొత్త బండిలోనే అలాంటి గడి ఒకటి పెట్టి అమ్మడం కన్నా, బ్యాటరీ మీద పూర్తి నమ్మకం లేదని చెప్పే సాక్ష్యం ఏముంటుంది? నిన్నటిదాకా చికాకుగా ఉన్న ఛార్జింగ్ లోపం ఆనాటినుంచి గండమైంది, లూకాస్ మీద తిట్లకు పదును పెరిగిందీ అప్పుడే.

ఇక లెక్క చూద్దాం. ఉగాది పంచాంగంలో రాశి రాశికీ ఆదాయం, వ్యయం చెబుతారు. ఈ బళ్లకూ అలాగే చెప్పవచ్చు. యుద్ధం తర్వాతి కాలపు లూకాస్ పెద్ద డైనమో ‘ఈ3ఎల్’ శక్తి 60 వాట్లు, అంటే ఆరు వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు. దాని వెనక వచ్చిన తొలి ఆల్టర్నేటర్లూ ఇంచుమించు ఆ వరుసలోవే. ఇది పూర్తి వేగంలో మాట, ఊళ్లో నిదానంగా పోతుంటే అందులో కొంతే వస్తుంది. ఇప్పుడు వ్యయం. 36 వాట్ల హెడ్‌లైటు 6 ఆంపియర్లు తాగుతుంది, వెనక దీపం ఒకటి, రవ్వ కాయిల్ సగటున రెండు. తొమ్మిది అయిపోయాయి. బ్రేకు నొక్కితే 18 వాట్ల ఎర్ర దీపం మరో మూడు తీసుకుంటుంది, లెక్క పన్నెండుకు చేరి అప్పు మొదలవుతుంది. హారన్ మాట ఎత్తనే లేదు. అప్పిచ్చే బ్యాటరీ చూస్తే 12 ఆంపియర్ గంటలది. ఛార్జింగ్ పూర్తిగా ఆగిపోయిన రాత్రి లైటు వేసుకుని పోతే ఆ బ్యాటరీ గంటసేపు నిలబడటం కూడా కష్టమే. నెల జీతం ఖర్చులకు సరిగ్గా సరిపోయే సంసారంలో పిల్లవాడికి జ్వరం వస్తే ఏమవుతుందో, ఇక్కడ ఒక కనెక్షన్ లూజైతే అదే అవుతుంది. నిజానికి ఛార్జింగ్ వ్యవస్థ చెడిపోకుండానే, వాన పడే రాత్రుల్లో వారంపాటు తిరిగితే చాలు, బ్యాటరీ డౌన్ అవుతుంది. అలాంటి బండిని షెడ్డుకు తెచ్చి లోపం ఎక్కడుందని అడిగితే, మెకానిక్ చూపించగల వస్తువేదీ ఉండదు.

వోల్టుల మాట ఇంకా పట్టించుకోవాలి. ఒక చోట స్క్రూ కింద చిలుము పట్టి పదో వంతు ఓమ్ అడ్డు ఏర్పడిందనుకుందాం. చేత్తో పట్టి చూస్తే ఆ కనెక్షన్‌లో ఏ దోషమూ కనిపించదు. ఆరు వోల్టుల బండిలో 36 వాట్ల బల్బుకు ఆరు ఆంపియర్లు పోవాలి కాబట్టి ఆ చిలుము దగ్గరే 0.6 వోల్టు, అంటే పదింట ఒక వంతు, మాయమవుతుంది. అదే బల్బు 12 వోల్టులదైతే పోయేది మూడు ఆంపియర్లు, నష్టం 0.3 వోల్టు, అంటే నూటికి రెండున్నర. తీగ బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, అంతకన్నా ఎన్నో రెట్లు వేగంగా పడిపోతుంది. వోల్టేజీ నూటికి పది తగ్గితే వెలుగు దాదాపు ముప్పై తగ్గుతుంది, రెండున్నర తగ్గితే ఎనిమిది. ఒకే మురికి, ఒకే స్క్రూ. ఒక బండిలో కంటికి ఆనదు, ఇంకో బండిలో దారి కనిపించదు. ఛార్జింగ్ వైపు కూడా ఇదే న్యాయం. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీదాకా నాలుగు కనెక్షన్లలో కాస్త కాస్త పోగొట్టుకుంటే, చివరికి బ్యాటరీని నింపడానికి కావలసిన ఒత్తిడే మిగలదు. అనుభవమున్న ఎలక్ట్రీషియన్ మొదట ఏ కాయిల్‌నూ అనుమానించడు. బ్యాటరీ కొసలు గీకి శుభ్రం చేస్తాడు, ఎర్త్ తీగ ఛాసిస్‌కు పట్టిన చోట రంగు గీకి ఇనుము బయటపెడతాడు, ఫ్యూజు పెట్టెలో పచ్చదనం తుడుస్తాడు. చాలా బళ్లు అక్కడే బాగుపడతాయి. బాగుపడ్డ బండిని చూసి ‘ఏమీ చెయ్యకుండానే డబ్బు తీసుకున్నాడు’ అనుకునే యజమానులు ఎప్పుడూ ఉన్నారు.

తొలి ఆల్టర్నేటర్లలో రెగ్యులేటరే లేదన్నది ఈ కథలో విడ్డూరమైన ఘట్టం. శాశ్వత అయస్కాంతాన్ని తగ్గించలేరు, పెంచలేరు. అందుకని ఆరు తీగచుట్టలను జతలుగా విడదీసి హెడ్‌లైటు స్విచ్చుకే కలిపారు. లైటు లేనప్పుడు కొన్ని చుట్టలే పనిచేస్తాయి, పెద్ద లైటు వేసినప్పుడు అన్నీ కలుస్తాయి. తెలివైన పొదుపే, కానీ ఛార్జింగ్ బాగోగులు ఇప్పుడు చవక స్విచ్చు లోపలి రాగి రేకుల మీద ఆధారపడ్డాయి. పగలు బాగా ఎక్కి, లైటు వేయగానే అమ్మీటర్ ముల్లు ఎడమకు వాలిపోయే బండి వస్తే, ఆ సంవత్సరాల వైరింగ్ తెలిసినవాడు ముందు స్విచ్చు చూస్తాడు. తెలియనివాడు ఆ తీగచుట్టలున్న స్టేటర్‌నే మార్చేస్తాడు. ఆల్టర్నేటర్ ఏసీని బ్యాటరీకి పనికొచ్చే డీసీగా మార్చే రెక్టిఫైర్ కూడా అంతే. ఆనాటి సెలీనియం పలకల రెక్టిఫైర్‌లో పలకలన్నీ మధ్య బోల్టు బిగుతు మీద నిలబడతాయి, ఆ బిగుతు ఫ్యాక్టరీలో కుదిర్చినది. బండికి బిగించిన నట్టు విప్పుతూ బోల్టును పట్టుకోకపోతే అది కూడా తిరిగి పలకలు కదిలిపోతాయి. పరీక్ష కోసం విప్పిన చెయ్యే బాగున్నదాన్ని చంపుతుంది. ఇరుసు మీద తిరిగే రోటర్‌దీ ఓ చిత్రమైన జబ్బు. లోపలి ఉక్కు బొడ్డు వదులైతే ఇంజను అడుగునుంచి టకటక మోత వస్తుంది. అచ్చం బిగ్ ఎండ్ బేరింగ్ పోయిన మోతే. కరెంటు లోపానికి ఇంజను మొత్తం విప్పిన సందర్భాలు అలా పుట్టాయి. రోటర్‌కూ స్టేటర్‌కూ మధ్య ఉండవలసిన ఖాళీ మిల్లీమీటరులో ఐదో వంతు మాత్రమే. అది ఒకపక్క మూసుకుపోతే రాపిడికి స్టేటరే దెబ్బతింటుంది.

ఈ సరంజామా అంతా మనదేశానికి వచ్చి, పుట్టిన చోటకన్నా ఎక్కువ కాలం బతికింది. 1955లో రాయల్ ఎన్‌ఫీల్డ్ మద్రాస్ మోటార్స్‌తో కలవగా ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి, మద్రాసు శివారు తిరువొత్తియూరులో బుల్లెట్లు తయారయ్యాయి. 1961లో అదే నగరంలో లూకాస్ టీవీఎస్ పుట్టి, ఆ జాతి కరెంటు సామానుకు ఇక్కడే ఊపిరి పోసింది. అదే ఏడు మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ నుంచి చెక్ దేశపు జావా బళ్లు రావడం మొదలైంది, 1973 నుంచి అవి యెజ్డీలయ్యాయి. వాటిలో ఇరుసు చివర ఆరు వోల్టుల డైనమో, ఛార్జింగ్ లేకపోతే వెలిగే ఎర్ర దీపం ఉండేవి. ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్ పోలండ్ నమూనా, దానిదీ ఆరు వోల్టుల మాగ్నెట్ కాయిలే. ఇంగ్లండులో ఇలాంటి బళ్లు 1960ల నడిమికే పన్నెండు వోల్టులకు మారుతుంటే, మన దగ్గర దిగుమతి ఆంక్షలు, లైసెన్సులు, ఏళ్లతరబడి బుకింగ్ చేసుకుని ఎదురుచూసే జనం ఉన్న కాలంలో నమూనా మార్చాల్సిన తొందర ఏ కంపెనీకీ లేకపోయింది. పుట్టిల్లు మూతపడ్డ కొన్నేళ్లకు, 1977లో, మన బుల్లెట్ ఇంగ్లండుకే ఎగుమతి అయిందంటే నమూనా ఎంతగా ఆగిపోయిందో ఊహించవచ్చు. అప్పటి బుల్లెట్ నడిపినవాళ్లు హెడ్‌లైటు మీది అమ్మీటర్‌ను వాచీలా చూసుకునేవాళ్లు. ఆ ముల్లును చదవడంలో మాత్రం ఒక అపోహ స్థిరపడింది. బ్యాటరీ నిండాక ముల్లు నడిమికి రావడం ఆరోగ్య లక్షణం. దాన్ని ‘ఛార్జింగ్ ఆగిపోయింది’ అని చదివినవాళ్లే ఎక్కువ. పైగా హారన్ తప్ప బండి కరెంటు దాదాపు అంతా అమ్మీటర్ గుండానే పోవాలి. దాని వెనక నట్లు బుల్లెట్ అదురుకు వదులైతే, జబ్బు చెప్పాల్సిన వైద్యుడే జబ్బుపడ్డట్టు.

మన ఊళ్లలో ఈ ఇరుకు చుట్టూ ఓ వృత్తి పెరిగింది. హైదరాబాదు పుత్లీబౌలిలోనూ, విజయవాడ ఆటోనగర్‌లోనూ, ప్రతి తాలూకా కేంద్రం బస్టాండు దరిదాపుల్లోనూ మెకానిక్ షెడ్డుకు పక్కన విడిగా ఆటో ఎలక్ట్రీషియన్, అతని పక్కన బ్యాటరీ ఛార్జింగ్ దుకాణం ఉండేవి. గాజు గొట్టం హైడ్రోమీటర్‌తో ఆసిడ్ పీల్చి, లోపలి బుడ్డి 1.260 దగ్గర తేలుతోందో 1.150కి మునిగిందో చూసి బ్యాటరీ మాట చెప్పేవాడు. డిస్టిల్డ్ వాటర్ పోయడం, రాత్రంతా ఛార్జింగ్‌కు పెట్టడం, కాలిన ఆర్మేచర్‌కు రాగి తీగ చుట్టడం అతని బతుకుతెరువు. ఈ చేతులే బళ్లను పాడుచేశాయని ఒక ఆక్షేపణ ఉంది. తీగల రంగులు పట్టించుకోకుండా దొరికిన తీగ వేసేశారు, ఫ్యూజు స్థానంలో సిగరెట్ పెట్టె కాగితం చుట్టారు, ఎక్కడ చిక్కొస్తే అక్కడ ‘డైరెక్ట్’ ఇచ్చేశారు అని. అబద్ధం కాదు. అయితే ఆ ‘డైరెక్ట్’ దేన్ని దేనికి ఇచ్చారో చూడాలి. ఎక్కువగా వాళ్లు చేసింది హెడ్‌లైటును బ్యాటరీ నుంచి విడదీసి ఆల్టర్నేటర్ కాయిల్‌కే కలపడం. దానితో బండి నిలబడినప్పుడు లైటు గుడ్డిదవుతుంది, యాక్సిలరేటర్ తిప్పితే వెలుగుతుంది, కానీ బ్యాటరీకి భారం తగ్గి రవ్వకు లోటు ఉండదు. పాత చేతక్ స్కూటర్ నడిపినవాళ్లందరికీ ఈ గుడ్డి వెలుగు తెలుసు, ఎందుకంటే దాన్ని ఫ్యాక్టరీయే అలా చేసింది. ఆ తర్వాత వచ్చిన వంద సీసీ బళ్లలోనూ ఎన్నో ఏళ్లు హెడ్‌లైటు కరెంటు బ్యాటరీతో పనిలేకుండానే పోయింది. అంటే చెట్టుకింది మెకానిక్, ఫ్యాక్టరీ ఇంజనీరు ఒకే లెక్క వేసి ఒకే జవాబుకు వచ్చారు. ఆదాయం పెరగనప్పుడు వ్యయాన్ని వేరుచేయడమే దారి.

లూకాస్‌ను ఇలా పూర్తిగా వదిలేస్తే పక్షపాతం అవుతుంది. స్విచ్చులు నాసిరకమన్న మాట నిజం. తీగలు కలిపే తోపుడు కనెక్టర్లు నీళ్లకు తట్టుకోలేదన్నదీ నిజం. తీగలు చెయిన్ కేసులోంచి బయటికొచ్చే చోట తొడుగు గట్టిపడి పగలడం నేటికీ చూస్తున్నదే. ‘జపాన్ బళ్లకు ఈ గోల ఎందుకు లేదు మరి’ అని అడిగేవాళ్ల ప్రశ్నలోనూ బలముంది. 1969లో హోండా సీబీ 750 పన్నెండు వోల్టులతో, మీటనొక్కితే లేచే సెల్ఫ్ స్టార్టర్‌తో వచ్చింది. ఇంగ్లండులో నార్టన్ కమాండోకు సెల్ఫ్ పెట్టడానికి 1975 దాకా పట్టింది. కానీ ఈ పోలిక లూకాస్ కన్నా బండి కంపెనీల మీద ఎక్కువ నేరం మోపుతుంది. సెల్ఫ్ స్టార్టర్ ఉన్న బండికి పెద్ద బ్యాటరీ తప్పదు, పెద్ద బ్యాటరీకి బలమైన ఛార్జింగ్ తప్పదు. హోండా ముందు ఖర్చెంతో నిర్ణయించి దానికి తగ్గ ఆదాయం కట్టింది. కాలితో తన్నే బండినే అమ్ముకుంటూ పోయిన ఇంగ్లిషు కంపెనీలు ఆ ఆదాయం కొనడానికి డబ్బు పెట్టలేదు. సామాను అమ్మేవాడు కొనేవాడు ఇచ్చిన ధరకు తగ్గ సామానే ఇస్తాడు.

లెక్కే అసలు ముద్దాయి అనడానికి గట్టి సాక్ష్యం ఆ కంపెనీల చేతిపనిలోనే ఉంది. 1960ల నడుమ బీఎస్ఏ, ట్రయంఫ్ బళ్లు పన్నెండు వోల్టులకు మారినప్పుడు కొత్త ఆల్టర్నేటర్ ఏదీ కనిపెట్టలేదు. అంతకు ముందు ఆరు వోల్టులకు వాడిన ఆ స్టేటర్ జాతినే ఉంచారు. చుట్టలన్నీ ఎప్పుడూ పనిచేసేలా కలిపేశారు. ఎక్కువైన కరెంటును వేడిగా మార్చి గాలికి వదిలేయడానికి అల్యూమినియం పలకకు బిగించిన జీనర్ డయోడ్ పెట్టారు. చివరికి పన్నెండు వోల్టుల బ్యాటరీ కూడా మొదట్లో కొత్తది కాదు, రెండు ఆరు వోల్టుల బ్యాటరీలను వరసగా కలిపిందే. అదే లూకాస్, అదే రాగి, అదే అయస్కాంతం. లైట్లు మాత్రం బాగుపడ్డాయి. ఇవాళ కూడా పాత బండి యజమాని తన ఆరు వోల్టుల స్టేటర్‌ను ఉంచుకుని, ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్, పన్నెండు వోల్టుల బ్యాటరీ, బల్బులు వేసుకుంటే చాలావరకు గట్టెక్కుతాడు. కంపెనీ నాణ్యతే చీకటికి మూలమైతే ఈ వైద్యం పనిచేయకూడదు.

ఇప్పుడు రెగ్యులేటర్, రెక్టిఫైర్ ఒకే రెసిన్ ముద్దలో వస్తున్నాయి, వందల రూపాయలకే డిజిటల్ మీటరు దొరుకుతోంది. ఇంత చరిత్ర తెలుసుకుని చేసేదేముందని అడగవచ్చు. చేసేదల్లా వరస తప్పకుండా వెళ్లడం. ముద్ద లోపలికి ఎవరూ చూడలేరు కాబట్టి ఛార్జింగ్ పోగానే ముందు దాన్నే మార్చడం అలవాటయింది. మార్చిన కొత్తది కూడా నెలకే కాలితే కంపెనీని తిట్టడం మామూలే. అప్పటి వరస ఇప్పటికీ చెల్లుతుంది. బ్యాటరీని బయట పూర్తిగా ఛార్జ్ చేయించి, పన్నెండు వోల్టులదైతే కాస్త ఆగాక 12.6 దగ్గర నిలబడుతోందో లేదో చూడాలి. నిలబడని బ్యాటరీతో చేసే తర్వాతి పరీక్ష ఏదీ నిజం చెప్పదు. తర్వాత ఎర్త్, కొసలు, కనెక్టర్లు. ఇంజను వేగంగా తిప్పినప్పుడు బ్యాటరీ మీద 14 దాటితే జబ్బు ఛార్జింగ్‌లో లేదు, బండి ఆగి ఉన్నప్పుడు ఎక్కడో కారుతోంది. దాటకపోతే స్టేటర్ తీగలు విడదీసి, వాటి మధ్య వచ్చే ఏసీ వోల్టేజీ వేగంతోపాటు పెరుగుతోందా, ఏ తీగైనా ఇంజను బాడీకి ఎర్త్ కొడుతోందా అని చూడాలి. ఇవన్నీ అయ్యాక మిగిలేదే రెగ్యులేటర్ ముద్ద. ఆరు వోల్టుల కాలంలో మిగులు లేక నేర్చుకున్న క్రమమిది. మిగులున్న కాలంలో డబ్బు ఆదా చేస్తుంది.

ఆ మిగులు ఇప్పుడు ఎంతుందంటే, ఒకప్పుడు బ్యాటరీ మిగుల్చుకోవడానికి వెన్నెల రాత్రుల్లో లైటు ఆపుకుని నడిపిన బుల్లెట్‌కే, 2017 ఏప్రిల్ 1 తర్వాత తయారైన కొత్త రూపంలో, హెడ్‌లైటు ఆపుకునే వీలు లేదు. ఇంజను తిరుగుతున్నంతసేపూ, మిట్టమధ్యాహ్నం కూడా, అది వెలుగుతూనే ఉంటుంది.